సగం ఎత్తిన షట్టర్

సమాత్యా సందులో నా కొట్టు షట్టర్
సగమే లేస్తుంది.
ఇరవై ఆరేళ్ళుగా వంగి దూరుతున్నాను.
పది రోజులు తల వంచొద్దన్నారు క్లినిక్‌లో,
నా జీవితంలో ఎవరూ ఇవ్వని సలహా.
జునైత్ భుజం ఆనించి దాన్ని పైదాకా తోశాడు,
తుప్పు రాలింది.
రొట్టెల కొట్టు నెర్మీన్ చూసి,
"ఏం రిఫ్కీ ఉస్తా, బేరాలు పెరిగాయా?"

పెరగలేదు. అందుకే ఈ పని.
ఎదురుగా కొత్త సెలూన్, నీలం లైట్లు.
కుర్రాళ్ళు నా కుర్చీలో కూర్చుని
అద్దంలో ముందు నా నెత్తి చూసి
తర్వాత తమ నెత్తి తడుముకుని
రేపొస్తామనేవాళ్ళు.

వెనక నుంచి తీసి ముందు నాటారు,
మూడువేల రెండువందలు.
ఇన్నాళ్ళూ నా వెనక ఏం జరుగుతోందో
చూస్తూ నిలబడ్డ వెంట్రుకలు
ఒక్క మధ్యాహ్నంలో నుదుటి మీదకొచ్చి
నేనేం చూస్తున్నానో చూడటం మొదలెట్టాయి.

రాత్రి కూర్చునే నిద్ర,
మెడకి గాలి దిండు,
ఎక్కడికీ వెళ్ళని బస్సులో ప్రయాణికుడిలా.
తలుపవతల పిల్లి గీకుతూనే ఉంది,
దాని పడక నా నడినెత్తి.
అరగంటకోసారి ఉప్పునీళ్ళ తుంపర,
గడియారం కంటే ముందు హాజెర్ లేచేది.
మూడో రోజు వాపు నుదురు దిగి కళ్ళ మీద కూర్చుంది,
ఎవరితోనో దెబ్బలాడి ఓడినవాడి మొహం.

మొదటిసారి తల కడగాలి.
కొట్టు మూసి జునైత్ నన్ను నా కుర్చీలోనే కూర్చోబెట్టాడు.
ముప్ఫై ఎనిమిదేళ్ళు తలలు పట్టుకున్న చేతుల్ని
ఒళ్ళో పెట్టుకుని ఏం చెయ్యాలో తెలీలేదు.
నురగ పెట్టు. రుద్దకు. అద్దు.
వేలికి బలముండాలని చెవి మెలేసి నేర్పింది నేనే,
ఇప్పుడు ముట్టకుండా ముట్టమంటున్నాను.
చెంబైతే ధార ఎక్కువని
నడుం సన్నని టీ గ్లాసుతో పోశాడు,
ఒక్కో గ్లాసూ మోచేతి మీద వేడి చూసి.
నలభై నిమిషాలు.
పదకొండేళ్ళు నా దగ్గర పని చేశాడు,
వాడి ఊపిరికి సోంపు వాసనుంటుందని
అప్పుడే తెలిసింది.

పదో రోజుకి చెక్కులు రాలాయి.
మూడో వారం, నాటినవీ.

కాగితంలో రాసే ఉంది:
రాలతాయి, భయపడకండి, వేళ్ళు లోపలుంటాయి.
కాగితానికేం, దానికి నెత్తి లేదు.
రోజుకి బస్తాడు జుట్టు ఊడ్చేవాణ్ణి
దిండు మీది ఏడు వెంట్రుకల్ని ఊడ్వలేక
అగ్గిపెట్టెలో దాచాను.
పొయ్యి వెలిగించబోయి హాజెర్ తెరిచింది.
నవ్వుతుందనుకున్నాను.
ఆమెది బఫ్రా, పొగాకు నాట్లేసిన చేతులు.
"నాటిన వారానికి మొక్క వాలిపోతుంది," అంది,
"మా నాన్న ఏటా కొత్తగా ఏడ్చేవాడు."
నేనేమన్నా పొగాకు చేనునా అన్నాను.
"కాదులే, పొగాకైతే లేస్తుందని నమ్మకం."

కుర్రాళ్ళు మళ్ళీ చూస్తున్నారు అద్దంలో.
ఇప్పుడు మరీ అధ్వాన్నం,
వెనకాలా పలచనే, ముందూ ఖాళీ.
నాలుగో నెల దాకా ఆగాలిట.
ఒకడు మాత్రం, టోపీ తియ్యని పిల్లాడు,
గొంతు తగ్గించి అడిగాడు, నొప్పేసిందా అని.
వాడి క్షవరం గంట పట్టింది,
సగం సేపు కత్తెర ఊరికే ఆడించాను.

షట్టర్ ఇప్పుడూ పైదాకా లేపుతున్నాడు జునైత్.
నేనింకా వంగే దూరుతున్నాను,
నెర్మీన్ చెప్పేదాకా తెలీలేదు.

మెడ పైన, తీసిన చోట, ఇంకా తిమ్మిరి.
నిన్న రాత్రి పళ్ళు తోముకుంటూ తలెత్తితే
అద్దంలో హాజెర్ చెయ్యి ఉంది అక్కడ.
ఎప్పట్నుంచి ఉందో
అడగలేదు.